ఒక్క ముక్క తక్కువైనప్పుడు తోయాలా, పడేయాలా?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో బ్రాడీపేటలోని మా ఇంట్లో ఆరుగురం కూర్చుని టెక్సాస్ హోల్డెమ్ పద్ధతిలో (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు) పోకర్ ఆడాము. నేర్పింది మా బావగారు. డబ్బు పెట్టకూడదని అమ్మ ముందే షరతు పెట్టడంతో చింతపిక్కలతో ఆడాము. ఒక ఆటలో నేను పెద్ద బ్లైండు (ముక్కలు చూడకముందే పెట్టవలసిన పందెం) కింద 10 పిక్కలు పెట్టి ఉన్నాను. నాకు ఆఠీను జాకీ, ఆఠీను పది వచ్చాయి. బావగారు పందేన్ని 30కి పెంచారు. చిన్న బ్లైండు పెట్టినవారు తమ 5 పిక్కలు వదులుకుని తప్పుకున్నారు, మిగిలినవారూ తప్పుకున్నారు, నేను మాత్రం మరో 20 వేసి నిలిచాను. బల్ల మీద ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, ఇస్పేటు ఎనిమిది పడ్డాయి. నేను చెక్ (ప్రస్తుతానికి పందెం వేయను) అన్నాను, బావగారు 40 వేశారు. అప్పటికి నా దగ్గర 180 పిక్కలు ఉన్నాయి, ఆయన దగ్గర అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ఇంకొక ఆఠీను పడి ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు అయిదు) అయితే తప్ప నా చేతిలో ఏమీ లేదు కదా అని ముక్కలు పడేసి తప్పుకున్నాను. తరువాత సరదాకు పై ముక్క తిప్పి చూస్తే అది ఆఠీను మూడు! నా దగ్గరున్న 180 మొత్తం పందెంగా తోయాల్సిందని బాబాయి, పడేయడమే సరైనదని బావగారు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎవరి మాట సరైనది?
కె. ఎస్., బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందుగా ఆ ఆఠీను మూడును పక్కన పెట్టండి. అది మీరు ముక్కలు పడేసిన తరువాత కనబడిన ముక్క. నిర్ణయం తీసుకునే సమయంలో అది మీకు గానీ బావగారికి గానీ తెలియదు కనుక, దాన్ని చూపించి బాబాయిగారు వాదిస్తే ఆ వాదన చెల్లదు. అయినా ఆయన చెప్పిన మాటే సరైనదని, కాకపోతే దానికి కారణం వేరని నా అభిప్రాయం. బావగారి సలహాను మాత్రం కొంచెం తరుగు తీసి స్వీకరించాలి. పందెం వేసిన మనిషికి ఎదుటివారు పడేయడం ఎప్పుడూ న్యాయంగానే కనబడుతుంది.

పేకలోని 52 ముక్కలలో మీకు కనబడినవి అయిదు, కనబడనివి 47. మొత్తం 13 ఆఠీనులలో నాలుగు మీకు లెక్క తెలిసినవే కనుక మిగిలినవి తొమ్మిది. బల్ల మీద ఇంకా రెండు ముక్కలు తెరవాలి. తరువాతి ఒక్క ముక్కలోనే ఆఠీను పడే అవకాశం 47లో 9, అంటే నూటికి 19 పాళ్లు. రెండు ముక్కలూ చూడగలిగితే కనీసం ఒకటి ఆఠీను అయ్యే అవకాశం నూటికి 35 పాళ్లు. బల్ల దగ్గర భాగహారాలు చేసే ఓపిక లేనివారు పనికొచ్చే ముక్కల సంఖ్యను, ఒక ముక్క రావలసి ఉంటే రెండుతోను, రెండు రావలసి ఉంటే నాలుగుతోను హెచ్చవేసుకుంటారు. తొమ్మిది నాలుగులు 36, అసలు లెక్కకు చాలా దగ్గర.

కొత్తవారు పొరబడేది ఇక్కడే. 35 అన్న అంకెను అందరూ గుర్తుపెట్టుకుంటారు గానీ, రెండు ముక్కలూ మరే ఖర్చూ లేకుండా చూడగలిగినవారికే అది వర్తిస్తుందన్న సంగతిని మరిచిపోతారు. మీరు 40 వేసి సరిపెట్టి ఉంటే, తరువాతి ముక్క ఆఠీను కాకపోయిన మరుక్షణం బావగారు మళ్లీ 80 వేసేవారు, అప్పుడు మీరు మళ్లీ ఇదే సందిగ్ధంలో, ఈసారి మరింత ఖరీదుగా, పడేవారు. కాబట్టి సరిపెట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోవలసింది 19 మాత్రమే. కుప్పలో అప్పటికి ఉన్నవి 65, బావగారివి 40, మొత్తం 105. అందులో మీ 40 చేరితే 145 అవుతుంది. 145 కోసం 40 పెట్టడం గిట్టుబాటు కావాలంటే నూటికి 28 సార్లు నెగ్గాలి. మీకున్నది 19. ఈ లెక్క వరకే చూసుకుంటే బావగారు చెప్పింది నిజమే.

అయితే ఈ లెక్క సరిపెట్టడానికి మాత్రమే వర్తిస్తుంది. సరిపెట్టినవాడు ఒకే ఒక దారిలో నెగ్గుతాడు, కావలసిన ముక్క పడాలి, అంతే. 180 మొత్తం తోసినవాడికి రెండు దారులు ఉంటాయి: ఎదుటివారు బెదిరి పడేస్తే ఏ ముక్కా చూడకుండానే 105 పిక్కల కుప్ప దక్కుతుంది, బెదరకుండా నిలిస్తే, ఇక పందేలు వేయడానికి మీ దగ్గర ఏమీ మిగలదు కనుక రెండు ముక్కలూ ఉచితంగా చూస్తారు, అప్పుడు ఆ 35 నిజంగా మీదవుతుంది.

దీన్ని పిక్కలలోకి మార్చి చూద్దాం. మీరు తోసి, బావగారు నిలిస్తే కుప్ప 425 అవుతుంది. అందులో నూటికి 35 పాళ్లంటే ఇంచుమించు 149. మీరు పెట్టింది 180 కనుక, ఇలాంటి ఆట ఒక్కొక్కదానికి సగటున 31 పిక్కల నష్టం. ఆయన పడేస్తే 105 లాభం. ఈ రెండింటినీ తూచి చూస్తే, బావగారు నూటికి 23 సార్లు పడేసినా మీకు నష్టం లేదు. నాలుగుసార్లలో ఒకసారి పడేసే మనిషైతే తోయడం కొద్దిపాటి లాభం, రెండుసార్లలో ఒకసారి పడేసే మనిషైతే ఆటకు 37 పిక్కల దాకా లాభం. మీ చేతిలో ఈ ఆశ కూడా లేకుండా, ఉత్త బెదిరింపుగా 180 తోసి ఉంటే, ఆయన నూటికి 63 సార్లు పడేస్తే తప్ప మీరు మునిగిపోయేవారు. 63కీ 23కీ మధ్య ఉన్న తేడాయే ఆ తొమ్మిది ఆఠీనుల విలువ. ముక్క పడి గెలిపిస్తుందన్న ఆశకంటే, ఎదుటివారు పడేయవలసిన అవసరాన్ని ఇంతగా తగ్గించడమే అవి మీకు చేసే పెద్ద మేలు.

ఇదే ఆటను తిప్పి చూడండి. బావగారు 40కి బదులు తానే 180 తోశారని, మీరు సరిపెట్టాలా వద్దా అన్నది ప్రశ్న అని అనుకుందాం. ముక్కలు అవే, మీరు పెట్టేది అదే 180, కుప్ప అదే 425. కానీ ఇప్పుడు ఎవరూ పడేసే అవకాశం లేదు. మీకు నూటికి 42 పాళ్లు కావాలి, ఉన్నవి 35. నిస్సంకోచంగా పడేయాలి. ముందు తోసినవాడికి లాభసాటిగా ఉన్న ముక్కలే, వెనుక సరిపెట్టేవాడికి నష్టం తెచ్చిపెడతాయి. రమ్మీలో ఆరితేరినవారికి సైతం ఈ సంగతి తొందరగా మింగుడుపడదు, ఎందుకంటే రమ్మీలో మీ పందెం చూసి ఎదుటివాడు పారిపోయే ప్రసక్తే లేదు.

మీ దగ్గర ఉన్న పిక్కల సంఖ్యను బట్టి కూడా జవాబు మారుతుంది. మీ దగ్గర 60 మాత్రమే ఉండి ఉంటే, తోసిన తరువాత కుప్ప 185, అందులో మీ పాలు 65 కనుక, బావగారు ఎప్పటికీ పడేయని మనిషైనా తోయడమే మంచిది. అక్కడ ఆలోచించడానికి ఏమీ లేదు. అదే 400 ఉండి ఉంటే, ఆయన నూటికి 48 సార్లు పడేస్తే గానీ గిట్టుబాటు కాదు. 105 పిక్కల కుప్ప కోసం 400 తోయడం ధైర్యం కాదు, దుబారా.

ఇక మిగిలింది బావగారి స్వభావం. పెద్ద బ్లైండు మీద పెంచినవారు రాజు పడగానే, తమకు రాజు ఉన్నా లేకపోయినా ఒక పందెం వేసి చూడటం ఈ ఆటలో మామూలు. ఆసు, రాణి పట్టుకుని అలా వేసి ఉంటే, మీరు తోయగానే పడేస్తారు. తొమ్మిదుల జత ఉన్నా చాలామంది పడేస్తారు. అందుకే నాలుగింట ఒకసారి అన్నది పెద్ద కోరిక కాదని నేను బాబాయిగారి వైపు మొగ్గాను. కానీ పిక్కలే కదా అని ఏ పందేన్నీ వదలకుండా చూసే రకం బంధువులు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరు ఉంటారు. బావగారు ఆ రకమైతే తోయడం తప్పు. విచిత్రమేమిటంటే, అలాంటివారి మీద 40 వేసి సరిపెట్టడం ఒప్పవుతుంది: ఆఠీను పడిన తరువాత ఆయన నుంచి సగటున మరో 64 పిక్కలు రాబట్టగలిగితే మొదటి లెక్కలోని లోటు పూడుతుంది, మీ దగ్గర మిగిలే 140లో ఆ 64 రాబట్టడం దేన్నీ వదలని మనిషి దగ్గర కష్టం కాదు.

ఆ తొమ్మిది ముక్కలనూ ఒకసారి అనుమానించి చూడండి. మీ ఫ్లష్‌లో మీ చేతి నుంచి వచ్చే పెద్ద ముక్క జాకీయే. బావగారి చేతిలో ఆఠీను ఆసు, దానితో మరో ఆఠీను ఉంటే, మీరు ఎదురుచూసే ముక్క ఆయన ఎదురుచూసే ముక్క కూడా. అది పడిన రోజే మీరు అన్నీ పోగొట్టుకుంటారు. ఆయన దగ్గర మరో రెండు రాజులుంటే, బల్ల మీది రాజుతో మూడు రాజులై, ఆఠీను ఎనిమిది మీకు ఫ్లష్ ఇస్తూనే ఆయనకు దాన్ని మించిన ఫుల్ హౌస్ (ఒక రకం మూడు, మరో రకం రెండు) ఇస్తుంది. మీ 35 కాస్తా నాలుగింట ఒక వంతుకు దిగిపోతుంది. ఇలాంటి చేతులు అరుదు కనుక నేను తీర్పు మార్చడం లేదు. అయితే మీ చేతిలో ఆఠీను ఆసు ఉండి ఉంటే ఈ జవాబు ఇంతకు సగం నిడివిలో ముగిసేది.

ప్రశ్న: గుంటూరు, విజయవాడల మధ్య సీజన్ టికెట్ మీద తిరిగే రోజుల్లో, మంగళగిరి దాటి కృష్ణా కెనాల్ జంక్షన్ వచ్చేలోపు ఒడిలో తువ్వాలు పరచుకుని ఒక రమ్మీ ఆట ముగించేవాళ్లం. ఇప్పుడు మా అబ్బాయి పోకర్ లెక్కలు చెబుతుంటే రెండు అనుమానాలు వచ్చాయి. మిగిలినవారు పడేసిన ముక్కలలో నాకు కావలసినవి వెళ్లిపోయి ఉండవచ్చు కదా, అలాంటప్పుడు 47 ముక్కలనూ లెక్కలోకి ఎలా తీసుకుంటారు? రమ్మీలో డ్రాప్ చేయడానికి వాడే ఇంగితం ఇక్కడ పనికొస్తుందా?
ఆర్. వి., సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ మొదటి అనుమానం రమ్మీ ఆడినవారికే వస్తుంది, ఎందుకంటే రమ్మీలో పడేసిన ముక్క కళ్లెదుట వెల్లకిలా పడుతుంది, దాన్ని గుర్తుపెట్టుకోవడమే ఆటలో సగం. పోకర్‌లో తప్పుకున్నవారి ముక్కలు బోర్లా పోతాయి. మీకు కనబడని ముక్క పేకలో ఉన్నా, పొరుగువాడు పడేసిన వాటిలో ఉన్నా, మీ లెక్కకు తేడా లేదు. కావలసిన ముక్కలు అక్కడికి ఎంత సులువుగా పోయి ఉండవచ్చో, అక్కరలేనివీ అంత సులువుగా పోయి ఉండవచ్చు. అనుమానం తీరకపోతే ఇలా ఆలోచించండి: బాగా కలిపిన పేకలో అడుగున ఉన్న పది ముక్కలను ఎవరూ చూడకుండా పక్కన పెడితే పై ముక్క మారుతుందా? ఎవరైనా పొరపాటున ముక్క చూపించి పడేస్తే మాత్రం దాన్ని 47లోంచి తీసివేయాలి, అది ఆఠీను అయితే తొమ్మిదిలోంచి కూడా తీసివేయాలి.

డ్రాప్ విషయంలో మీ అలవాటు కొంతవరకే పనికొస్తుంది. రమ్మీలో మొదటే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు, మధ్యలో చేస్తే 40, పట్టుబడితే గరిష్ఠంగా 80. అంటే తప్పుకోవడానికీ ఒక ధర ఉంది, ఆ ధర చెల్లించే బదులు ఇంకాస్త ఆడి చూద్దామనే ఆశకు అర్థమూ ఉంది. పోకర్‌లో పడేయడానికి కొత్తగా చెల్లించేది ఏమీ లేదు. అంతకుముందు వేసిన 30 పిక్కలు కుప్పలో కలిసిన క్షణమే మీవి కాకుండా పోయాయి, వాటిని కాపాడుకోవడానికని మరో 40 వేసేవారు రమ్మీలో మధ్య డ్రాప్‌ను తలచుకుని పొరబడుతున్నారన్న మాట.

సీక్వెన్సుల లెక్కలో కూడా జాగ్రత్త అవసరం. పదమూడు ముక్కల రమ్మీలో కళావరు ఆరు, ఏడు పట్టుకుని అటు అయిదుకో ఇటు ఎనిమిదికో చూస్తున్నప్పుడు, రెండు పేకలు ఉంటాయి కనుక జోకర్లు కాకుండా మీకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు. పోకర్‌లో పేక ఒకటే గానీ స్ట్రెయిట్‌కు (వరుసగా అయిదు ముక్కలు) గుర్తు కలవనక్కరలేదు. అందువల్ల ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉన్నవారికి అయిదులు నాలుగు, పదులు నాలుగు, మొత్తం ఎనిమిది ముక్కలు పనికొస్తాయి, రెండు ముక్కలు తెరిచేలోపు అవకాశం నూటికి 31 పాళ్ల పైచిలుకు. నడిమి ముక్క ఒక్కటే కావలసినవారికి నాలుగే ముక్కలు, 16 పాళ్ల పైచిలుకు. ఇలాంటి చేతిని తోసేవారు దాదాపు పూర్తిగా ఎదుటివారి పిరికితనం మీదే ఆధారపడుతున్నారని గ్రహించాలి.

రెండు ఆశలూ కలిసినప్పుడు ఒకే ముక్కను రెండుసార్లు లెక్కపెట్టే పొరపాటు జరుగుతుంది. చేతిలో ఆఠీను తొమ్మిది, ఆఠీను పది ఉండి, బల్ల మీద ఆఠీను ఎనిమిది, ఆఠీను రెండు, కళావరు జాకీ పడితే, ఫ్లష్‌కు తొమ్మిది, స్ట్రెయిట్‌కు ఎనిమిది, వెరసి పదిహేడు అని చాలామంది అంటారు. ఆఠీను ఏడు, ఆఠీను రాణి రెండు జాబితాలలోనూ ఉన్నాయి కనుక నిజానికి పదిహేను. నాలుగుతో హెచ్చవేసే సూత్రం ఇక్కడ 60 చూపిస్తుంది గానీ అసలు అంకె 54; ముక్కలు పెరిగేకొద్దీ ఆ సూత్రం ఎక్కువ చేసి చెబుతుంది. 54 అంటే సగానికి పైనే కనుక, ఎదుటివారి దగ్గర ఒక జత మాత్రమే ఉందనుకుంటే, ఈ చేతిని తోయడానికి ఆయన పడేస్తాడా లేదా అన్న చింత అక్కరలేదు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో సరదా పోటీ పెట్టుకున్నాం. పిక్కలు అయిపోయినవారు తప్పుకోవాలి, చివరికి మిగిలిన ఇద్దరికీ సమానమైన బహుమతులు. ముగ్గురం మిగిలినప్పుడు, మూడో ఆయన దగ్గర ఇంకొక్క బ్లైండుకు సరిపడా మాత్రమే పిక్కలున్నాయి. అందరికంటే ఎక్కువ పిక్కలున్నాయన నా మీద ఉన్నదంతా తోశారు. నాకు మీరు చెప్పిన పదిహేను ముక్కల చేయి పడింది. సరిపెట్టి ఓడిపోయాను. నా తప్పేమిటి?
ఎమ్. పి., పటమట, విజయవాడ

జవాబు: పిక్కల లెక్కలో తప్పు లేదు, బహుమతి లెక్కలో ఉంది. ఇద్దరికీ సమానమైన బహుమతి అన్నప్పుడు, మీ పిక్కలు రెట్టింపైనా మీకు అదనంగా దక్కేది దాదాపు సున్న, పోతే మాత్రం అంతా పోతుంది. మూడో ఆయన ఇంకో రెండు చేతుల్లో తప్పుకోబోతున్నారు. అలాంటి స్థితిలో నూటికి 54 కాదు, 80 పాళ్లున్నా పడేసి కూర్చోవలసిందే. మొదటి స్థానానికి ఒక్కదానికే బహుమతి పెట్టి ఉంటే మీరు చేసినదే సరైనది.

ప్రశ్న: ఈ లెక్కలు చేతికి అలవాటు కావాలంటే ఎలా సాధన చేయాలి? ఫోనులో డబ్బు పెట్టి ఆడితే త్వరగా వస్తుందని స్నేహితులు చెబుతున్నారు.
విద్యార్థి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఆ సలహా వినకండి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా దాని కిందికి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యంతో ఆడేవా కావా అన్న భేదం లేకుండా, దేశమంతటా నిషేధించింది. 1967లో సుప్రీంకోర్టు నైపుణ్యపు ఆటగా గుర్తించింది రమ్మీని. ఆ తీర్పును పోకర్‌కు తగిలించి చెప్పేవారి మాటలు నమ్మకండి.

సాధనకు ఒక పేక, ఒక నోటు పుస్తకం చాలు. ఆఠీను జాకీ, ఆఠీను పది, ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, ఇస్పేటు ఎనిమిది ఏరి పక్కన పెట్టండి. మిగిలిన 47 ముక్కలను బాగా కలిపి పై రెండు తిప్పండి. వాటిలో ఒక్క ఆఠీను ఉన్నా పుస్తకంలో గీత గీయండి. ఇలా నూరుసార్లు చేయడానికి ఒక సాయంత్రం పడుతుంది. 35 గీతలు రావాలి కదా అని ఎదురుచూస్తే మీకు 27 రావచ్చు, మరుసటి సాయంత్రం 43 రావచ్చు, ఆ రెండూ ఈ లెక్కకు లోబడినవే. పది సాయంత్రాలు కూర్చుని వెయ్యిసార్లు తిప్పితే మాత్రం గీతలు 320కి తగ్గడం గానీ 380కి మించడం గానీ అరుదు. 27 గీతలు వచ్చిన సాయంత్రం పేకను బాగా కలపలేదేమోనని అనుమానించి మళ్లీ మొదలుపెట్టకండి, ఆ గీతలను కూడా మొత్తంలో కలపండి.